చిటికెన వేలి పని

మొన్న ఆఫీసు వాళ్లు కొత్త లాప్‌టాప్ పంపారు. పెట్టె విప్పి, పైనున్న పల్చటి ప్లాస్టిక్ పొర ఊడబీకి, పాతదాని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌ను దాంట్లో వేసి తెరవగానే మూలన ఓ చిన్న గడి వచ్చింది. మీ పాత షార్ట్‌కట్లు తెచ్చుకుంటారా, వద్దా అని అడుగుతోంది. మామూలు వాళ్లకైతే అది ఒక్క క్లిక్కు పని. నేను మాత్రం మౌసు మీద చెయ్యి పెట్టుకుని, పక్కన చాయ్ చల్లారిపోతున్నా చూసుకోకుండా, ఆ గడి వంకే చూస్తూ ఉండిపోయాను. నాకు పోయిన వానాకాలం గుర్తొచ్చింది. అది గుర్తొచ్చినప్పుడల్లా గదిలో ఎవరూ లేకపోయినా నా చెవులు వేడెక్కుతాయి.

ఈ పని తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. మేము రోజంతా కోడు రాసేది ఎడిటర్‌లోనే. అందులో బతికే వాళ్లకు మౌసు ముట్టుకోవడమంటే నామోషీ. అన్నీ కీబోర్డు మీదే అయిపోవాలి. కంట్రోల్ నొక్కిపట్టి ఎస్ నొక్కితే సేవ్, జడ్ నొక్కితే చేసింది వెనక్కి, ఎఫ్ నొక్కితే వెతుకులాట. ఆ కంట్రోల్ అనేది కీబోర్డుకు ఎడమ చివర, అట్టడుగున, మూలన ఉంటుంది. దాన్ని నొక్కే భారం ఎడమ చిటికెన వేలిది. ఇంటికి చిన్న కోడలు ఎట్లాగో మా పనిలో చిటికెన వేలు అట్లాగ. చూడ్డానికి ఇంతే ఉంటుంది, ప్రతి పనికీ అదే లేవాలి, అది ఉందని మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకూ గుర్తులేదు, అది పడకేసేదాకా.

నేను ఖమ్మంలో ఓ ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు కంప్యూటరు టీచరుగా చేశాను. నలభై దాటాక, ఇంట్లో అందరూ నవ్వుతుండగా, కోడు నేర్చుకున్నాను. హైదరాబాదులో ఓ చిన్న కంపెనీ ఉంది, దవాఖానాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఓపీ చీటీలు, మందుల బిల్లులు, ఏ డాక్టరు గది ముందు ఎవరి వంతు, ఇలాంటివి. వాళ్లు నన్ను ఇంటి నుంచే పనిచేయమని తీసుకున్నారు. ఏడాదికోసారి ఒప్పందం తిరగరాస్తారు. టీములో అందరూ నా బడిలో చదివిన పిల్లల ఈడు వాళ్లు. టీమ్ లీడ్ అయితే మా ఖమ్మం వాడే. మేము తరతరాలుగా గాజులు కొనే దుకాణం వాళ్ల అబ్బాయి. నన్ను మేడమ్ అంటాడు. ఆ చురుకైన వాళ్ల మధ్య నాకున్న పరువల్లా నా వేగమే. స్క్రీన్ షేర్ చేసినప్పుడు నేను మౌసు ముట్టకుండా టకటకా పోతుంటే వాళ్లు నోరు తెరిచి చూసేవాళ్లు. ఆ చూపు కోసం నేను ఎంత తాపత్రయపడేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వు వెనకే సిగ్గూ వస్తుంది.

ఎడమ మోచేయి బల్లకు ఆనించి, అరచేతిలో గడ్డం పెట్టుకుని స్క్రీన్ చదవడం నాకు మొదటి నుంచీ అలవాటు. అట్లా ఆనించి ఆనించి మొదట చిటికెన వేలు తిమ్మిరెక్కేది. తర్వాత దాని పక్క వేలు కూడా. దులుపుకుంటే పోయేది, తర్వాత తర్వాత పోవడం మానేసింది. కారేపల్లిలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్తే, అందరి మధ్య నా ఎడమ చేతిలోంచి పాయసం గ్లాసు జారి, పక్కనున్న ముసలామె కొత్త చీర మీద పడింది. ఎవరో దిష్టి అన్నారు. నేను కూడా దిష్టే అన్నాను. ఇంటికొచ్చాక మా ఆయన, "దవాఖానకు పోదాం పా, చూపిచ్చుకొని వద్దాం," అన్నాడు. రేపు అన్నాను. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ రేపే అన్నాను. ఆయన నెమ్మదస్తుడు, గట్టిగా పట్టుబట్టలేదు. నా భయం ఒక్కటే. డాక్టరుకు తెలిస్తే రెస్టు అంటాడు, రెస్టు అంటే ఆఫీసుకు చెప్పాలి, చెప్తే ఈ వయసామెకు చెయ్యి కూడా పనిచేయట్లేదట అంటారు, ఈ ఏడు ఒప్పందం తిరగరాయరు. ఇంత కష్టపడి తెచ్చుకున్న పని పోతుంది. ఇక బంధువులందరూ ముందే చెప్పాం కదా అన్నట్టు ముఖాలు పెడతారు. ఇంత కథ నా బుర్రలోనే అల్లుకున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

అప్పుడు నేను చేసిన తెలివైన పని ఏంటంటే, వేలికి వైద్యం మాని కీబోర్డుకు వైద్యం మొదలుపెట్టాను. ఓ మధ్యాహ్నం తలుపేసుకుని ఎడిటర్‌లో షార్ట్‌కట్ల పేజీ తెరిచాను. ఏ కీ నొక్కితే ఏం జరగాలో అక్కడ మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. కంట్రోల్ అవసరమయ్యే ప్రతి పనినీ పీకి, పైవరసలో ఎఫ్ అని అంకె వేసి ఉండే కీలకు తగిలించాను. వాటికి కుడి చెయ్యి ఒక్కటి చాలు. వెతకడానికి ఎఫ్ ఎయిట్, వెనక్కి తీయడానికి ఎఫ్ టెన్, అన్నిటికన్నా ఎక్కువ కావలసిన సేవ్‌కు ఎఫ్ నైన్. ఎడిటర్ పాపం చెప్పింది కూడా, ఈ కీకి ఇప్పటికే వేరే పని ఉందమ్మా అని. ఉంటే ఉండనీ అని ఎంటర్ కొట్టాను. ఎఫ్ నైన్ అసలు పనేమిటంటే, మనమున్న గీత పక్కన ఓ ఎర్ర చుక్క పెట్టడం. ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ అక్కడికొచ్చి ఆగిపోవాలని దానర్థం. తప్పులు వెతికేటప్పుడు పనికొస్తుంది. నేను తప్పులు చేస్తే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పని చేస్తూ చాలా సంబరపడ్డాను. వంటింటి డబ్బాలన్నీ నా చేతికందేలా సర్దుకున్నట్టనిపించింది. కొద్ది రోజుల్లోనే కుడి చేతికి కొత్త దారి అలవాటైపోయింది. ప్రతి గీత రాయగానే నా వేలు నన్నడక్కుండానే ఎఫ్ నైన్ కొట్టేది. ఓసారి కాల్‌లో లీడ్, "మేడమ్, మీ స్పీడ్ ఇంకా పెరిగింది, ఏంది సంగతి?" అన్నాడు. ప్రాక్టీస్ అన్నాను. కెమెరా ఆపేసి ఉంది కాబట్టి బతికిపోయాను, లేకపోతే నా ముఖం చూసి కనిపెట్టేవాడు.

కీబోర్డును మాయ చేయగలిగాను కానీ గాజుల దగ్గర దొరికిపోయేదాన్ని. మా ఊళ్లో గాజులు ఎవరికి వాళ్లు తొడుక్కోరు. దుకాణంలో లీడ్ వాళ్ల అమ్మ గద్దె మీద కూర్చుని ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుని చెయ్యి ఆమె ఒళ్లో పెట్టేయాలి. ఆమె బొటనవేలిని లోపలికి మడిచి, వేళ్లన్నీ దగ్గరకు చేర్చి, పిసికినట్టే పిసికి, మాటల్లో పెట్టి గాజు ఎక్కించేస్తుంది. నా వేళ్లు దగ్గరకు రావడం లేదని ఆమెకు క్షణంలో తెలిసిపోతుంది. రాత్రి అన్నం దగ్గర కొడుకుతో ఫోనులో అంటుంది, మీ మేడమ్‌కు చెయ్యి పడిపోయిందిరా అని. అందుకని నేను ఆ బజారుకే వెళ్లడం మానేశాను. కూరగాయలకు కూడా చుట్టు తిరిగి వేరే సందులోంచి పోయేదాన్ని. ఉన్న గాజులు అంట్ల దగ్గర ఒకటొకటే చిట్లిపోయి, వానాకాలం వచ్చేసరికి ఎడమ చెయ్యి బోసిపోయింది.

అది మా ఆడబిడ్డ కంట్లో పడింది. మా ఆయన చెల్లెలు భద్రాచలంలో ఉంటుంది. అక్కడో దవాఖానాలో ఓపీ కౌంటరు మీద చీటీలు రాస్తుంది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. కౌంటరులో కూర్చుని పేరు పిలిచిందంటే గేటు బయట చాయ్ తాగుతున్న వాళ్లు కూడా గ్లాసు కింద పెట్టి పరుగెత్తుకొస్తారట. ఏదో పని మీద ఖమ్మం వచ్చి, మా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "వదినా, గా చేతికి గాజులేమైనయ్?" అంది.

"టైపింగుకు అడ్డమొస్తున్నయ్," అన్నాను.

"ఏం టైపింగో ఏందో! మా అన్న నిమ్మళంగ ఉండంగ ఆ బోసి చెయ్యేంది వదినా? చూసేటోళ్లు ఏమనుకుంటరు?" అని, వచ్చిన కాళ్ల మీదే పోయి అదే దుకాణంలోంచి ఆకుపచ్చ గాజులు తెచ్చింది. సబ్బు నురగ పెట్టి తనే తొడుగుతానని నా చెయ్యి పట్టుకోబోయింది. నేను చటుక్కున వెనక్కి లాక్కున్నాను. తర్వాత తొడుక్కుంటాలే అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. గాజుల పొట్లం ఫ్రిజ్ మీద పెట్టి, బస్సు టైమైందని లేచింది. ఎప్పుడూ వీధి చివరిదాకా మాట్లాడుతూ పోయే మనిషి ఆ రోజు మాట్లాడకుండా పోయింది.

ఆ దవాఖానాకే మా సాఫ్ట్‌వేర్ చూపించాల్సి వచ్చింది. ఆడబిడ్డే అక్కడి పెద్ద డాక్టరమ్మ చెవిలో వేసింది, మా వదిన వాళ్ల కంపెనీ ఇట్లాంటిది చేస్తుందని. ఈ పని కుదిరితే నా ఒప్పందానికి ఢోకా ఉండదని లీడ్ ముందే అన్నాడు. కుదరకపోతే ఏమవుతుందో అనలేదు, నేను అడగలేదు. ముసురు పట్టి ఉంది. భద్రాచలం బస్సులో అందరూ గోదావరి గురించే. ఎక్కడిదాకా వచ్చింది, బ్రిడ్జి మీద బండ్లు ఆపుతారా, సాయంత్రానికి తిరుగు బస్సులు ఉంటాయా అని. నేను మాత్రం ఒళ్లో లాప్‌టాప్ సంచీని పసిబిడ్డలా పొదువుకుని, నా షార్ట్‌కట్లు నాకున్నాయి, నాకేం భయం అనుకుంటూ కూర్చున్నాను.

దవాఖానా మేడ మీద గదిలో ప్రొజెక్టరు పెట్టారు. హైదరాబాదు నుంచి లీడ్ నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. నా లాప్‌టాప్‌కు ఆ ప్రొజెక్టరు వైరు పట్టలేదు. ఎటు తిప్పి పెట్టినా దూరలేదు. "ఏం కాదు మేడమ్, నాదాని మీద చేద్దాం," అని తన లాప్‌టాప్ నా ముందుకు జరిపాడు. దాంట్లో నా షార్ట్‌కట్లు ఒక్కటీ ఉండవు. కాదనడానికి ఓ సాకు కోసం వెతుకుతున్నాను, ఈలోపు డాక్టరమ్మ, నర్సులు, మందుల షాపతను, చీటీలు మానేసి వచ్చిన మా ఆడబిడ్డ, అందరూ వచ్చి కూర్చున్నారు. డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నెమ్మదిగా అడిగింది: "అడవి పల్లెల నుంచి వచ్చేవాళ్లలో ఒకే పేరు నలుగురికి ఉంటుందండీ. చీటీ మీద పేరుతో పాటు ఊరు కూడా పెద్దక్షరాల్లో వస్తే బావుంటుంది. వీలవుతుందా?"

"మేడమ్ ఇప్పుడే, ఇక్కడే మార్చి చూపిస్తరు. మా మేడమ్ స్పీడ్ మీరు చూడాలె," అన్నాడు లీడ్. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను ఎడమ చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాను.

మొదలుపెట్టాను. కుడి చేత్తో రాస్తూ, ఎదురుగా కూర్చున్న వాళ్లకు వివరిస్తూ, మధ్యమధ్య నవ్వుతూ బాగానే సాగింది. గీత రాయడం, వేలు అలవాటు కొద్దీ ఎఫ్ నైన్. ఇంకో గీత, ఎఫ్ నైన్. నా దృష్టి అంతా ఎడమ చేతిని బల్ల కింద పెట్టి ఉంచడం మీదే ఉంది. ముందున్న స్క్రీన్ అంచున, వెనక గోడ మీద ఏం పడుతోందో చూసుకోలేదు. అయిందని ప్రోగ్రాము నడిపాను. అది ఒక అడుగు వేసి ఆగింది. ముందుకు పొమ్మంటే మళ్లీ ఆగింది. మళ్లీ పొమ్మన్నాను, మళ్లీ ఆగింది. ఎదుట నుంచి గుసగుసలు. అప్పుడు వినపడింది మా ఆడబిడ్డ గొంతు, దవాఖానా గేటు దాకా వినపడే గొంతు:

"ఏంది వదినా, నీ కంప్యూటరుకు తట్టు పోసిందా?"

తిరిగి చూశాను. గోడ నిండా నేను రాసిన కోడు. ఎడమ పక్కన పైనుంచి కిందికి ఎర్రటి చుక్కలు. నేను సేవ్ చేశాననుకున్న ప్రతి చోటా ఓ చుక్క. గదంతా గొల్లుమంది. లీడ్ నవ్వలేదు, కానీ ఆశ్చర్యపోయాడు. "మేడమ్, గిన్ని ఎందుకు పెట్టిన్రు?" అని మెల్లిగా అడిగాడు. మొత్తం వెనక్కి తీసేద్దామని తొందరలో ఎడమ చెయ్యి పైకి తెచ్చి కంట్రోల్ మీద వేశాను. చిటికెన వేలు దిగలేదు. కుడి చేత్తో జడ్ మాత్రం పడింది. ఇంకోసారి నొక్కాను, మళ్లీ జడ్. కంగారులో నొక్కుతూనే ఉన్నాను. గోడ మీద నా కోడు మధ్యలో జడ్‌లు బారుగా పేరుకుంటూ పోయాయి. నవ్వులు సద్దుమణిగాయి. నవ్వుతుంటేనే నయమనిపించింది. నేల చీలి లోపలికి పోతే బావుండుననుకున్నాను.

డాక్టరమ్మ లేచి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెయ్యి ఇటివ్వమ్మా," అంది. ఏం లేదండీ అన్నాను. "ఇవ్వమ్మా," అంది మళ్లీ. అందరి ముందు ఇచ్చాను. తిరగేసి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కి చూసింది. ఆడబిడ్డ దగ్గరున్న ఓపీ చీటీ ఒకటి అడిగి తీసుకుని, నా చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య పెట్టి, "గట్టిగా పట్టుకో, నన్ను లాగనివ్వకు," అంది. నేను పళ్లు బిగించి పట్టుకున్నాను. ఆమె లాగలేదు, ఊరికే చెయ్యి వెనక్కి తీసుకుంది. చీటీ దానంతటదే వచ్చేసింది. కంపెనీ మనిషిగా ఆ గదిలోకి వచ్చినదాన్ని, వాళ్ల ఓపీలో కూర్చున్న పేషెంటునై పోయాను. వెనక గోడ మీద చుక్కలు, జడ్‌లు అట్లాగే ఉన్నాయి.

"ఎన్నాళ్లయింది?" అంది డాక్టరమ్మ.

"గాజులు గందుకేనా వదినా?" అంది ఆడబిడ్డ. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. "నేను తొడుగుతనంటె చెయ్యి గుంజుకుంటివి. నా మీద కోపమేమో అనుకున్న గదా."

నాకు ఏడుపు ఆగలేదు. పిల్లల ఈడు వాళ్ల ముందు, నర్సుల ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. డాక్టరమ్మ ఏడవనిచ్చింది. తర్వాత నా బొటనవేలి పక్కన గుంట పడ్డ చోటు చూపించి, "మోచేతి దగ్గర నరం నలిగింది. ఇక్కడ కండ కరిగిపోయింది, చూశావా? ఆపరేషను చేస్తే ఇంకా పాడవకుండా ఆపొచ్చు. పోయిందంతా వస్తుందని చెప్పలేను. మొదట్లోనే వచ్చి ఉంటే ఈ మాట అనేదాన్ని కాదు," అంది. తిట్టినట్టు అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఆడబిడ్డ నన్ను వరండాలోకి తీసుకుపోయి నీళ్లు తాగించింది. లోపల లీడ్ చుక్కలన్నీ ఒక్క క్లిక్కుతో తీసేసి మళ్లీ చూపించాడు. ఊరి పేరు పెద్దక్షరాలతో చీటీ వచ్చిందట, వాళ్లు సరేనన్నారట. బయటికొచ్చి చెప్పాడు. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను, నా పని ఉంటుందా అని.

అతను నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "మా అమ్మ అడుగుతనే ఉంది మేడమ్, మేడమ్ దుకాణానికి వస్తలేదేంది, ఒంట్ల మంచిగ లేదా అని. పనిల బిజీ అని నేనే చెప్పిన." నా చేతి వంక చూసి, "చెయ్యి సంగతి చెప్తె నేనేం చేస్త అనుకున్నరు?" అన్నాడు.

గ్లాసు జారినందుకు సిగ్గుపడ్డాను, వేలు లేవనందుకు సిగ్గుపడ్డాను, గోడ మీది చుక్కలకు సిగ్గుపడ్డాను. అవన్నీ ఎప్పుడో పోయాయి. ఈ పిల్లవాణ్ని, వాళ్ల అమ్మను, అంత తేలిగ్గా అట్లాంటి మనుషులనుకున్నందుకు పడ్డ సిగ్గు మాత్రం పోలేదు.

ఆపరేషను అయింది. పని పోలేదు. సెలవు ఇచ్చారు, ఒప్పందం తిరగరాశారు. చిటికెన వేలు సగం వచ్చింది. మిగతా వేళ్లకు కొంచెం ఎడంగా, అలిగిన మనిషిలా నిలబడుతుంది. కట్టు విప్పి, డాక్టరమ్మ సరేనన్నాక ఆడబిడ్డ వచ్చి, ఫ్రిజ్ మీద పొట్లం దులిపి, నన్ను వెంటబెట్టుకుని గాజుల దుకాణానికి తీసుకుపోయింది. లీడ్ వాళ్ల అమ్మ నా చెయ్యి ఒళ్లోకి తీసుకుని చాలాసేపు ఊరికే పట్టుకుంది. ఆ ఆకుపచ్చ గాజులు పట్టవని పక్కన పెట్టి, ఒక సైజు పెద్దవి తీసింది. ఎక్కిస్తూ, "నొప్పి అయితున్నదా బిడ్డా?" అంది. లేదన్నాను. ఆ వైపు నాకు నొప్పి సరిగ్గా తెలియదని చెప్పలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది.

కొత్త లాప్‌టాప్ గడి ఇంకా అడుగుతూనే ఉంది. పాతవన్నీ తెచ్చుకున్నాను. అవి లేకుండా ఇప్పుడు నేను పని చేయలేను, ఆ మాట టీములో అందరికీ చెప్పాను కూడా. ఎఫ్ నైన్ ఒక్కటి మాత్రం దాని ఎర్ర చుక్కకు తిరిగి ఇచ్చేశాను. సేవ్ మళ్లీ కంట్రోల్ దగ్గరికే పోయింది. రోజూ ఆ వేలిని కాస్త కదిలించాలని డాక్టరమ్మ చెప్పింది. కాల్‌లో ఉన్నప్పుడు నేను సేవ్ చేయబోతే ముందు గాజులు బల్లకు తగిలి చప్పుడవుతాయి. లీడ్‌తో సహా అందరూ మాట్లాడటం ఆపి ఎదురుచూస్తారు. చిటికెన వేలు మెల్లిగా జరిగి, తడుముకుని, మూలకు చేరేసరికి కాసేపు పడుతుంది. చేరేదాకా నేనూ ఆగుతాను. మా ఆయన పోదామన్నప్పుడే ఒక్క పూట ఆగి దవాఖానా మెట్లు ఎక్కి ఉంటే, ఇప్పుడు ప్రతిసారీ ఇంతసేపు ఆగాల్సి వచ్చేది కాదు.